రెండు పనులు చేసే సింబల్

ప్రియమైన అమ్మాయికి,

అత్తయ్య రాస్తున్నది. దీన్ని నిలబడి చదవకు, ఎక్కడైనా కూర్చుని చదువు.

ఫోనులో చెబుదామని రెండుసార్లు నంబరు నొక్కి పెట్టేశాను. ఫోనులో అయితే నువ్వు ఏడుస్తావు, నీ గొంతు విని నేను ఏడుస్తాను, చెప్పాల్సింది మాత్రం నోట్లోనే ఉండిపోతుంది. కాగితం నయం, మధ్యలో అడ్డు రాదు.

విషయం ఇదీ. వచ్చే నెల మొదటి శనివారం నుంచి మా వాడి బ్యాండులో డ్రమ్ములు నేను వాయించబోతున్నాను.

నువ్వు తప్పు చదవలేదు. నేనే. అరవై ఒక్కేళ్ళదాన్ని, ముప్పై ఏళ్ళు బడిపిల్లలకు యూనిఫారాలు కుట్టినదాన్ని, మెట్లెక్కితే మోకాళ్ళు పట్టుకునేదాన్ని.

నా కొడుకు పోయి ఐదు నెలలయింది. ఈలోగా బ్యాండు వాళ్ళు ఇద్దరిని పెట్టుకుని చూశారు. ఒకతనిది మోటు చెయ్యి, శనివారాలు వాయించే హోటల్లో భోజనానికి వచ్చినవాళ్ళు దూరం బల్లలకు మారిపోయారట. రెండో అతన్ని పెద్ద బ్యాండు పిలిస్తే వెళ్ళిపోయాడు. మొన్న మంగళవారం కీబోర్డు పెద్దాయన ఇంటికి వచ్చారు. టీ తాగారు. వాడి డ్రమ్ముల మీద కప్పిన దుప్పటి వంక చాలాసేపు చూసి, "ఇక మీరే రావాలమ్మా" అన్నారు. ఒకసారి కాదన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. నేనే గుమ్మం దాకా వెళ్ళి సరేనన్నాను.

ఇప్పుడు నీతో పని పడింది. నా కుడిభుజం సంగతి నీకు తెలుసు, ఎక్స్‌రే తీసింది నువ్వే. చెయ్యి భుజం ఎత్తు దాటి లేవదు. డ్రమ్ముల సెట్టులో కుడిపక్క కింద ఒక పెద్ద సింబల్ ఉంటుంది, దాన్ని రైడ్ అంటారు. పాట నడుస్తున్నంతసేపూ దాని మీద టింగు టింగుమని లెక్క నడిపించాలి. పాట మలుపు తిరిగినప్పుడు ఝల్లుమని ఒక్క దెబ్బ కొట్టడానికి ఇంకోటి పైన ఉంటుంది, అది క్రాష్. ఆ పైది నాకు అందదు. వాడి రైడ్ చూస్తే మరీ మందం, లెక్కకు బంగారం లాంటిదే కానీ గట్టిగా కొడితే పళ్ళెం కింద పడ్డట్టు మోగుతుంది. అందుకని నాకు ఒకే సింబల్ కావాలి. కింద ఉండాలి, రైడ్‌గా నడవాలి, అవసరమైనప్పుడు క్రాష్‌గా విరుచుకుపడాలి.

ఇక్కడి దుకాణంలో గిటారు తీగలు తప్ప ఏమీ దొరకవు. మీ ఆసుపత్రి వెనక వీధిలో పెద్ద సంగీత దుకాణం ఉందని పెద్దాయన చెప్పారు. నువ్వు వెళ్ళి ఎంచాలి.

కోపం వస్తే తిట్టు. కానీ వెళ్ళు.

ఆశీస్సులతో,
నీ అత్తయ్య

* * *

ప్రియమైన అత్తయ్యకు,

మీ ఉత్తరం నిలబడే చదివాను. ఇద్దరు పేషెంట్ల మధ్య ఖాళీలో కవరు చింపాను. మూడో పేరా దగ్గరే పిలుపు వచ్చింది. లోపల ఛాతీ ఎక్స్‌రేకి నిలబడ్డ ఆయనతో "ఊపిరి పీల్చి బిగబట్టండి" అన్నాను. ఫిల్ము తీశాను. ఆ తర్వాత "వదలండి" అనడం మరిచిపోయాను. పాపం ఆయన ముఖం ఎర్రబడే దాకా బిగబట్టి, చివరికి ఆయనే "అమ్మా, ఇక వదలొచ్చా?" అని అడిగారు. నా పరిస్థితి అది.

మీరు ఏం రాశారో ఇప్పటికి ఆరుసార్లు చదివాను, ఇంకా బుర్రకెక్కడం లేదు. మీరు డ్రమ్ములు వాయించడమేమిటి? ఏడేళ్ళు మీ ఇంటి కోడలిని. ఉద్యోగం ఇక్కడ కావడంతో పదిహేను రోజులకోసారే వచ్చేదాన్ని, నిజమే. అయినా మీ కాలు కుట్టుమిషను తొక్కడం చూశాను తప్ప మీ చేతిలో స్టిక్కు ఎప్పుడూ చూడలేదు. ఐదు నెలల్లో ఎవరికైనా డ్రమ్ములు వస్తాయా? నలుగురూ నవ్వితే నాకు ఫరవాలేదు, కానీ ఆయన కుర్చీ అది. ఎనిమిదేళ్ళు కూర్చున్న కుర్చీ. దాంట్లో ఇంకెవరినైనా ఊహించుకోగలిగాను, మిమ్మల్ని ఊహించుకోలేకపోతున్నాను.

ఒక సంగతి చెప్పాలి. ఆయన పోయే ముందు మూడు నెలలనాడు స్టూడియోలో చేసిన రికార్డింగు ఉంది కదా, ఆరు పాటలు. అది రోజూ బస్సులో వింటాను. మాటలు వినను, పాట వినను. డ్రమ్ములు మాత్రమే వింటాను. ఆ చేతులు ఎంత బాగున్నాయో, ఎంత నిబ్బరంగా ఉన్నాయో వింటాను. ఆ మనిషి బోర్డు బిగిస్తూ నిచ్చెన మీద కాలు జారి పడ్డాడంటే అది ఒట్టి దురదృష్టమే, ఇంకేమీ కాదని నాకు నేను చెప్పుకుంటాను. అలా చెప్పుకుంటేనే డ్యూటీ చెయ్యగలుగుతున్నాను.

ఆ శబ్దం మీద ఇంకో శబ్దం పడటం నాకు ఇష్టం లేదు. దుకాణానికి నేను వెళ్ళను. క్షమించండి.

మందులు వేళకు వేసుకుంటున్నారా?

మీ కోడలు

* * *

ప్రియమైన అమ్మాయికి,

తిట్టమంటే తిట్టలేదు, క్షమించమన్నావు. అదే గుచ్చుకుంది.

అడిగావు కనుక చెబుతాను. ఐదు నెలల్లో నేర్చుకోలేదు. వాడికి పద్నాలుగేళ్ళప్పుడు డ్రమ్ములు ఇంటికి వచ్చాయి. వాడు బడికి వెళ్ళాక, కత్తిరింపుల పని అయ్యాక, ఒకరోజు ఆ స్టూలు మీద కూర్చున్నాను. కాలు దానంతటది తొక్కింది. మిషను తొక్కే కాలుకు డ్రమ్ము తొక్కడం కొత్త కాదు. చేతులకు ఏడాది పట్టింది. వారం రోజుల్లోనే వాడికి దొరికిపోయాను, స్టూలు ఎత్తు తగ్గి ఉందట. నవ్వాడు. ఆ తర్వాత సాయంత్రాలు వాడు నాకు నేర్పేవాడు. ఇన్నేళ్ళూ ఇంటి గోడలు దాటనివ్వలేదు. "అరవైలో ఇరవై" అంటారని సిగ్గు. నువ్వు వచ్చిన రోజుల్లో అసలే ముట్టుకునేదాన్ని కాదు. కోడలి ముందు అత్త డ్రమ్ములు వాయిస్తే బాగుంటుందా?

అంతే. ఇప్పుడు దుకాణం సంగతి. వెళ్ళనన్నావు, అయినా ఎలా ఎంచాలో రాస్తాను. రాసినందుకు నీకేం నష్టం లేదు.

బట్ట కొనేటప్పుడు నేను చూసేదే ఇక్కడా చూడాలి. మందపాటి బట్ట మడత నిలుపుతుంది, కానీ గాలికి కదలదు. పల్చటిది గాలికి లేస్తుంది, మడత నిలవదు. మందమైన సింబల్ మీద టింగు విడివిడిగా వినిపిస్తుంది, క్రాష్ కొడితే బిగుసుకుపోతుంది. పల్చటిది ఇట్టే విచ్చుకుంటుంది, దాని మీద లెక్క నడిపితే కాసేపటికి హోరులో టింగు మునిగిపోతుంది. మనకు మధ్యరకం కావాలి, ఆ మధ్యలో కూడా కాస్త పల్చనివైపు మొగ్గేది. ఇరవై అంగుళాలు చాలు.

ఒక్క దెబ్బ విని ఎంచకు. ఒక్క దెబ్బకు అన్నీ బాగుంటాయి. స్టిక్కు కొసతో రెండు నిమిషాలు ఆగకుండా నడిపించమను. అప్పుడు స్టిక్కు మెడతో అంచు మీద ఒక్కటి కొట్టి, వెంటనే మళ్ళీ లెక్కలోకి రమ్మను. ఆ ఝల్లు ఇంకా గదిలో ఉండగానే మొదటి టింగు నీకు వినిపించాలి. వినిపించకపోతే అది మనది కాదు. నడుమ బొడిపె మీద కొడితే గంటలా పలకాలి. నువ్వు మాత్రం దగ్గర నిలబడకు. హోటల్లో జనం ఎంత దూరంలో కూర్చుంటారో అంత దూరంలో నిలబడు.

నీ కళ్ళు ఫిల్ములో వెంట్రుకంత బీటను పడతాయి. నీ చెవులూ అలాంటివేనని నా నమ్మకం.

ఆశీస్సులతో,
నీ అత్తయ్య

* * *

ప్రియమైన అత్తయ్యకు,

వెళ్ళనన్నాను. వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో అడగకండి. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఇద్దరు వాయించేవాళ్ళు ఉన్నారన్న మాట దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. ఆ దుకాణం ముందు నుంచి రోజూ పోతాను. నిన్న కాళ్ళు లోపలికి తిరిగాయి.

పైఅంతస్తులో ఒక గది నిండా సింబల్సే, గోడకు తగిలించిన పళ్ళేల్లా. దుకాణం ఆయన మన కీబోర్డు పెద్దాయన వయసువాడే, నుదుటి మీద పెట్టుకున్న కళ్ళజోడు కోసం బల్లంతా వెతుకుతున్నారు. నేనే చూపించాను.

"ఎవరికమ్మా?" అన్నారు.

"మా అత్తయ్యకి."

ఆయన కళ్ళజోడు మళ్ళీ తీసేశారు. "అత్తగారికి కానుక ఇవ్వడానికా?"

"కాదు, వాయించడానికి. ఆమెకు అరవై ఒక్కటి. చెయ్యి పైకి లేవదు."

ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "అయితే రైడూ క్రాషూ ఒక్కదాంట్లోనే రావాలి. అది కష్టమైన బేరం తల్లీ. రెండు పడవల మీద కాళ్ళు పెట్టే సింబల్ అది. చాలావాటికి ఏదో ఒక కాలు తడుస్తుంది" అన్నారు.

ఏడు వాయించారు. మీరు రాసినట్టు నేను దూరంగా మెట్ల దగ్గర నిలబడ్డాను. మొదటిది మందం. టింగులు పూసలు గుచ్చినట్టు ఉన్నాయి, క్రాష్ కొడితే ఇనప తలుపుకు రాయి తగిలినట్టు ఉంది. రెండోది పల్చన. అంచు మీద కొట్టగానే ఎంత బాగా విచ్చుకుందంటే నా ఒళ్ళు జలదరించింది. కానీ లెక్క నడిపితే నిమిషన్నరకే టింగు ఎటు పోయిందో తెలియలేదు. నాలుగోది, ఐదోది ఒకే కంపెనీ, ఒకే కొలత, ఒకే నంబరు. అయినా వేరువేరుగా పలికాయి. నేను నోరు తెరిచి చూస్తుంటే, "ఒక తల్లి పిల్లలైనంత మాత్రాన ఒకే గొంతు ఉంటుందా?" అన్నారు ఆయన.

ఆశ్చర్యం ఏమిటంటే, నాకు తేడాలు వినిపించాయి. ఐదోదానికి ఝల్లు పోవడం ఆలస్యమవుతోందని నేనే ముందు అన్నాను. ఆయన తలూపారు. ఐదు నెలల తర్వాత మొదటిసారి, ఒక గంటసేపు, నాకు ఇంకేమీ గుర్తు రాలేదు. బయటికి వచ్చాక అది గుర్తొచ్చి, ఎదురుగా ఆగిన బస్సు ఎక్కడం మరిచిపోయాను.

అన్నిటిలోకీ నయమని ఐదోది పక్కన పెట్టించాను, తీసుకోలేదు. "మీ అత్తగారికి ఎలాంటి శబ్దం ఇష్టమో తెలిస్తే ఎంచడం సులువు. ఏదైనా రికార్డింగు ఉందా?" అని అడిగారు. బ్యాండుది ఒకటి ఉందన్నాను, అది మావారు వాయించిందని మాత్రం చెప్పలేదు. బ్యాండు అదే కదా, శబ్దం దానికి అతికితే చాలు. వచ్చే ఆదివారం ఆ ఆరు పాటలూ తీసుకెళ్ళి వినిపిస్తాను.

మీరు మొదట నాకు చెప్పి ఉండాల్సింది. అయినా వాయించండి.

ప్రేమతో,
మీ కోడలు

* * *

అమ్మాయికి,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఆ రికార్డింగు దుకాణానికి తీసుకెళ్ళకు. అవసరం లేదు. ఆ ఐదోదే బాగుంటుంది, తీసేసుకో. ఝల్లు కాస్త ఆలస్యంగా పోయినా నేను సర్దుకుంటాను. నువ్వు అంత తిరగాల్సిన పని లేదు.

ఇది ఆదివారంలోగా చేరాలని పోస్టాఫీసుకు నేనే వెళ్ళి వేస్తున్నాను.

అత్తయ్య

* * *

అత్తయ్యకు,

మీ చీటీ సోమవారం చేరింది. నేను ఆదివారమే వెళ్ళాను.

దుకాణం ఆయన ఆ రికార్డింగును స్పీకర్లలో పెట్టారు. ఒక పాట కళ్ళు మూసుకుని విన్నారు. రెండోది విన్నారు. మూడో పాట మధ్యలో ఆపి, "వాయించింది మీ అత్తగారే కదా, బ్రహ్మాండంగా ఉంది" అన్నారు.

"కాదండీ, మావారు" అన్నాను.

ఆయన అదే పాట మళ్ళీ మొదటి నుంచి పెట్టారు. "మీవారికీ చెయ్యి పైకి లేవదా అమ్మా?" అని అడిగారు.

"ఎందుకలా అడుగుతున్నారు?"

"ఇక్కడ వినండి, క్రాష్. ఇక్కడ మళ్ళీ. ఈ పాటలో తొమ్మిది చోట్ల ఉంది. తొమ్మిదీ రైడ్ అంచు మీదే కొట్టారు. పైన ఇంకో సింబల్ ఉన్న జాడే లేదు. కొట్టిన ప్రతిసారీ తర్వాతి టింగు రావడానికి వెంట్రుకవాసి ఎక్కువ పడుతోంది, చెయ్యి పక్కకు తిప్పి తెచ్చుకుంటున్నారు. భుజం పట్టేసిన మనిషి వాయింపు ఇది. మీరు పోయిన వారం చెప్పిన మనిషే అనుకున్నాను."

నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆయన మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. గ్లాసు పట్టుకున్నాను కానీ తాగడం చేతకాలేదు.

అత్తయ్యా, మావారిని నేను మొదటిసారి చూసినప్పుడు ఆయన రెండు చేతులూ తలకు మించి ఎత్తి ఉన్నాయి. క్రాష్ కొట్టాలంటే ఎగిరినట్టు కొట్టేవారు. అది లేకుండా ఒక్క పాట కూడా వాయించేవారు కాదు. మీ భుజం ఫిల్ము నాకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. చెయ్యి ఎత్తమంటే ఎంతవరకు ఎత్తగలిగారో కూడా గుర్తుంది.

ఐదు నెలలుగా పొద్దున బస్సులో, సాయంత్రం బస్సులో నేను విన్నది మీ చేతులనా?

నాకు కోపం రావాలి, రావడం లేదు. ఏడుపు రావాలి, అదీ రావడం లేదు. ఈరోజు డ్యూటీలో ఒకామెకు ఎడమకాలి బదులు కుడికాలికి ఫిల్ము తీశాను. పదకొండేళ్ళ ఉద్యోగంలో ఇదే మొదలు.

రెండే రెండు అడుగుతున్నాను. ఆ రికార్డింగు రోజు ఆయన చేతులు ఎక్కడున్నాయి? ఆయన చేతికి ఏమయింది?

ఉన్నది రాయండి. అతుకులు వద్దు.

కోడలు

* * *

ప్రియమైన అమ్మాయికి,

అలా పిలిచే అర్హత ఉందో లేదో తెలియదు. వేరే పిలుపు నాకు రాదు.

వాడి చేతులు ఆ రోజు ఒళ్ళో ఉన్నాయి. స్టూడియోలో అద్దం అవతల కూర్చున్నాడు. నేను ఇవతల వాయించాను. పాట అయినప్పుడల్లా తలూపేవాడు.

పోవడానికి పద్నాలుగు నెలల ముందు మొదలైంది. కుడిచేతి చివరి రెండు వేళ్ళు మొద్దుబారేవి. స్టిక్కు జారిపోయేది. మొదట వారానికోసారి, తర్వాత పాటకోసారి. శనివారాలు ఏదోలా నెట్టుకొచ్చాడు, చిన్న దెబ్బలు కొట్టి, పాటల వేగం తగ్గించి. రికార్డింగు మాత్రం ఆ చేతితో కాదు. పెద్దాయనకు చెప్పాం. మిగతావాళ్ళు రాని రోజు చూసుకుని డ్రమ్ములు నేను వాయించాను. "అమ్మా, దానికి మాత్రం చెప్పకు. హడలిపోతుంది, ఉద్యోగం మానేసి వచ్చేస్తుంది. తగ్గాక నేనే చెబుతాను" అన్నాడు. నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

ఒట్టు ఒకటే కారణమైతే ఈ ఉత్తరం ఇంత బరువుగా ఉండేది కాదు.

రోజూ ఆ చేత్తో నిచ్చెన ఎక్కి దుకాణాలకు బోర్డులు బిగిస్తున్నాడని నాకు తెలుసు. పొద్దున చొక్కా గుండీలు నేనే పెట్టి పంపేదాన్ని. గుండీ పెట్టుకోలేని చెయ్యి నిచ్చెన ఎలా పట్టుకుంటుందని ఒక్కరోజైనా అడగాలి కదా. అడగలేదు. నీకు చెబితే నువ్వు డాక్టర్లకు చూపిస్తావు, నిచ్చెన మాన్పిస్తావు. డ్రమ్ములూ మాన్పిస్తావు. మాన్పిస్తే ఆ రికార్డింగు ఉండదు.

అమ్మాయీ, నాకు వాయించాలని ఉంది. ఇరవై ఏళ్ళుగా ఉంది. వాడి వేళ్ళు మొద్దుబారాయని ఏడ్చాను, నిజంగానే ఏడ్చాను. ఆ ఏడుపు పక్కనే, "అయితే నేను వాయిస్తాను" అన్న ఆశ కూడా లేచి కూర్చుంది. అద్దం అవతల నా కొడుకు ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంటే, ఇవతల నేను సంతోషంగా ఉన్నాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తుంటే ఇది నేనేనా అని నాకే దిమ్మతిరుగుతోంది.

ఇంకొకటి ఉంది. కాలు జారి పడ్డాడని అందరికీ తెలుసు, నీకూ అదే తెలుసు. ఆ రోజు నిచ్చెన కింద పట్టుకున్న తోటి పనివాడు వారం తర్వాత నా దగ్గరికి వచ్చాడు. "కాలు జారలేదమ్మా. రెండు కాళ్ళూ మెట్టు మీదే ఉన్నాయి. చెయ్యే వదిలేసింది. ఆయన ఆ చేతివంక చూసుకున్నాడు, నేను చూశాను" అన్నాడు. "కాలే జారిందని చెప్పు నాయనా. ఆ మాట మీదే ఉండు" అన్నాను. ఉన్నాడు.

ఇదే జరిగింది. శనివారం నేను వాయించను. పెద్దాయనకు కబురు పంపాను. సింబల్ కొనకు. నువ్వు ఉత్తరాలు మానేసినా నేను తప్పు పట్టను.

అత్తయ్య

* * *

ప్రియమైన అత్తయ్యకు,

పది రోజులైంది. జవాబు రాయనిది కోపంతో అని మీరు అనుకుని ఉంటారు. కాదు. సిగ్గుతో.

"ఆయన చేతికి ఏమయింది" అని మిమ్మల్ని అడిగాను, ఏమీ తెలియనిదానిలా. నాకు తెలుసు అత్తయ్యా.

పోయే ముందు పది నెలలనాడు, ఒకరోజు ఆయన ఇక్కడికి వచ్చారు. వేళ్ళు తిమ్మిరిగా ఉంటున్నాయి, చూడవా అన్నారు. ఎక్స్‌రే గదిలోకి తీసుకెళ్ళి చేతికి, మణికట్టుకు ఫిల్ము తీశాను. ఎముకలు శుభ్రంగా ఉన్నాయి. "ఏమీ లేదు, ఎముకలు బాగున్నాయి" అన్నాను. ఆయన నవ్వేశారు. ఆ నవ్వు చూసి నా బరువూ దిగిపోయింది. ఎక్స్‌రేలో నరాలు కనిపించవు. అది నాకు తెలిసినంతగా ఆయనకు తెలియదు. పై అంతస్తులోనే నరాల డాక్టరు ఉన్నారు. పది మెట్లు ఎక్కితే చాలు. నేను వరసగా రెండు డ్యూటీలు చేసి ఉన్నాను, నిద్ర ముంచుకొస్తోంది. వచ్చే పదిహేను రోజుల్లో చూద్దాంలే అనుకున్నాను. ఆ పదిహేను రోజులు మళ్ళీ రాలేదు. వెళ్ళేటప్పుడు, "అమ్మకు చెప్పకు, బెంగపెట్టుకుంటుంది" అన్నారు. నా చేతా ఒట్టు వేయించుకున్నారు. మనిద్దరి దగ్గరా ఒకే మాట తీసుకుని, మనిద్దరినీ చెరో గదిలో కూర్చోబెట్టి వెళ్ళిపోయారు.

ఆ రికార్డింగు నేను ఎందుకు అంతగా విన్నానో ఇప్పుడు చెబుతాను. ప్రేమతో మాత్రమే కాదు. ఆ చేతులు బాగున్నాయని దాంట్లో రుజువు ఉంది. చెయ్యి బాగుంటే నేను తప్పు చెయ్యలేదు. కాలు జారిందన్న కబురు విన్నప్పుడు, అంత ఏడుపులోనూ, లోపల ఎక్కడో "హమ్మయ్య, చెయ్యి కాదు" అనుకున్నాను. మీ సంతోషం సంగతి చదివి మీకే దిమ్మతిరిగిందన్నారు. నా హమ్మయ్య సంగతి విని ఇప్పుడు మీరు ఏమంటారో.

మిమ్మల్ని క్షమించానని రాయలేను. నన్ను నేను క్షమించుకున్నాక కదా అది. కానీ తప్పంతా మీ ఒక్కరిదే అనుకుని మీరు ఆ ఇంట్లో కూర్చుంటే నేను ఊరుకోలేను.

నిన్న దుకాణానికి వెళ్ళాను. ఐదోది మళ్ళీ విన్నాను, వద్దన్నాను. మీరు సర్దుకోనవసరం లేదు. దుకాణం ఆయన లోపలి నుంచి ఇంకో మూడు తెచ్చారు. మూడోదాని మీద రెండు నిమిషాలు నడిపించి అంచు మీద కొట్టారు. గది నిండిపోయింది, ఆ నిండుదనం లోపల్నుంచి తర్వాతి టింగు సన్నగా, విడిగా వినిపించింది. ఇంకోసారి కొట్టమన్నాను. నాలుగుసార్లు కొట్టించి, తర్వాత స్టిక్కు నేను తీసుకుని కొట్టాను. ఇదే మనదని చెప్పాను. బస్సులో ఒళ్ళో పెట్టుకుని శనివారం పొద్దున వస్తున్నాను. పెద్దాయనతో ఫోనులో మాట్లాడాను, మీ కబురు ఆయన లెక్కలోకే తీసుకోలేదట, వేరే ఎవరినీ పిలవలేదు. మీరు వాయించండి. మీకు ఇష్టమని వాయించండి, ఆయన కోసమని ఎవరికీ చెప్పొద్దు. నేను హోటల్లో మెట్ల పక్క బల్ల దగ్గర కూర్చుంటాను. నవ్వుతానో ఏడుస్తానో హామీ ఇవ్వలేను.

ఇంకో పని చేశాను, అడగకుండానే. పోయిన ఏడాది ఎక్కాల్సిన ఆ పది మెట్లూ సోమవారం ఎక్కాను. నరాల డాక్టరుకు ఆయన సంగతంతా చెప్పాను. మనిషిని చూడకుండా ఏమీ చెప్పలేమన్నారు. కానీ ఇలాంటివి కొన్ని రక్తసంబంధంలో ఉంటాయి, తల్లిని ఒకసారి తీసుకురండి అన్నారు. వచ్చే సోమవారం పదిన్నరకు మీ పేరు రాయించాను. ఆదివారం సాయంత్రం బస్సుకు మీరు నాతో వస్తున్నారు.

డాక్టరు మిమ్మల్ని మావారి వేళ్ళ సంగతీ, మీ వేళ్ళ సంగతీ అడుగుతారు. ఎప్పటి నుంచి, ఏ వేలు, ఎంతసేపు అని. ఉన్నదున్నట్టు చెప్పండి. నేను పక్కనే ఉంటాను. నన్ను అడిగితే నేనూ చెబుతాను.

ప్రేమతో,
మీ కోడలు